రాలిన ఆకుకు రుసుమా?

మన పెరట్లో రాలిన ఆకును ఎత్తుకుపోయినందుకు మనమే డబ్బు కట్టాలట! ఇంగ్లండులో మా అబ్బాయి ఇంట్లో ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

వాళ్ళింటి ముందు చక్రాల డబ్బాలు మూడు. ఇంటి చెత్తకొకటి, కాగితాలకూ సీసాలకూ ఒకటి, గడ్డికీ ఆకులకీ ఇంకొకటి. మొదటి రెండింటికీ వేరే రుసుము లేదు. మూడోదానికి మాత్రం ఏడాదికింత అని ఊరి కౌన్సిలుకు కట్టాలి. కట్టినవాళ్ళకు ఒక స్టిక్కరు పంపుతారు. అది అంటించిన డబ్బానే రెండు వారాలకొకసారి లారీవాళ్ళు ఖాళీ చేస్తారు.

“ఇంటి పన్ను కడుతున్నారుగా, మళ్ళీ ఇదెందుకే?” అన్నాను కోడలితో.

“తోట లేనివాళ్ళు కూడా ఆ పన్ను కడుతున్నారు కదా అత్తయ్యా!” అంది.

ఇంటి చెత్తకు రుసుము అడగకూడదు గాని, తోట చెత్త ఎత్తడానికి అడగవచ్చునని అక్కడి చట్టం. కొన్ని కౌన్సిళ్ళు ఉచితంగానే ఎత్తుతాయి. బర్మింగ్‌హామ్‌లో 2014లో ఏడాదికి 35 పౌండ్లతో రుసుము మొదలుపెట్టారు. కట్టలేనివాళ్ళు మామూలు చెత్తలో కలిపేస్తారని ఆక్షేపించేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటా కాదనలేం. అలా కలిసిన ఆకును భూమిలో పూడ్చితే, గాలి తగలక మీథేన్ వాయువు పుడుతుంది. పూడ్చే చెత్త మీద అక్కడ 1996 నుంచి టన్నుకింత అని పన్ను ఉంది. అందుకే ఆకును విడిగా ఎత్తి, బారుగా పోగులు పోసి, తిరగేస్తూ ఎరువు చేస్తారు.

ఇదంతా తెలియక ఒకనాడు కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి ఆ డబ్బాలో వేశాను. లారీవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా ఒక చీటీ తగిలించి వెళ్ళిపోయారు. రెండు వారాలు గడ్డి కుళ్ళి ఒకటే వాసన. “పోనీలే అమ్మా” అన్నాడు అబ్బాయి. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ప్లాస్టిక్ కలిస్తే ఆ ఎరువు మట్టికి చేటే కదా!

ఆ రాత్రి బెంగుళూరు మల్లేశ్వరంలోని మా ఇల్లు గుర్తుకొచ్చింది. మా వాకిట్లో పెద్ద కానుగ చెట్టుంది. ఇక్కడివాళ్ళు హొంగె అంటారు. ఏటా ఎండలు ముదిరేముందు ఆకంతా రాలుస్తుంది. ఊడ్చి, గోడ వారన పోగుచేసి, అగ్గిపుల్ల గీసేదాన్ని. పైసా ఖర్చు లేదనుకునేదాన్ని. పక్కింటి పిల్లవాడికి ఉబ్బసం. పొగ లేవగానే వాళ్ళమ్మ గబగబా కిటికీలు మూసేది. ఒక్కనాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను కట్టని రుసుము ఆ పసివాడు కట్టాడన్నమాట.

మన దేశంలోనూ 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తోట చెత్తను విడిగా ఉంచమన్నాయి, తగలబెట్టవద్దన్నాయి. మా బెంగుళూరు నివాసి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని ఆ ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

తిరిగి రాగానే పెరట్లో ఓ మూల మూడడుగుల గుంట తవ్వించాను. మన తాతల నాటి ఎరువు గుంటే, కొత్తేమీ కాదు. ఎండుటాకు ఒక వరస, పచ్చి ఆకూ గడ్డీ ఒక వరస, పైన కాస్త పాత మట్టి, పలచని పేడనీళ్ళు. పిండి ఆరేసిన గుడ్డంత తడి ఉంటే చాలు. పది పదిహేను రోజులకొకసారి తిరగేస్తే గాలి తగులుతుంది, వాసన రాదు. నాలుగైదు నెలల్లో నల్లటి ఎరువు దిగుతుంది. పెద్ద కొమ్మలు మాత్రం గుంటకు లొంగవు. వాటికి డబ్బిచ్చి బండి పిలిపిస్తున్నాను. ఇప్పుడా ఖర్చుకు నవ్వు రావడం లేదు.

మొన్న కానుగ ఆకు రాలినన్నాళ్ళూ పక్కింటి కిటికీలు తెరిచే ఉన్నాయి.