ఒట్టి యుక్కుచక్రముతో విద్యుత్తు



మన కొల్లాపురము దాపున సోమశిలకడ నిలిచియుండు కృష్ణాజలము శ్రీశైలము ఆనకట్టదే. ఆ నీటితో నడచుటకై దోమలపెంటకడ భూగర్భమున ఆరు యంత్రములను, ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున, నెలకొల్పిరి. వానిలో తిరుగు చక్రమునకు రాగిచుట్టలు కలవు. చుట్టలలో విద్యుత్తు పారి చక్రము అయస్కాంతమగును. నిదానముగా తిరుగు మహాయంత్రమునకు ఆ యేర్పాటు తగినదే.

కాని కరెంటుతీగలు చేరని చోట, చిన్న వాయుటర్బైను ఇరుసునకే జనరేటరును తగిలించి నిమిషమునకు 30,000 చుట్లు త్రిప్పవలసివచ్చినచో ఆ రాగి యేమగును? లెక్కవేసి చూతము. ఇరుసునకు 5 సెంటీమీటర్ల దూరమున ఒక తులము రాగి యున్నదనుకొనుడు. అంతటి వేగమున అది ఇంచుమించు ఆరు క్వింటాళ్ళ బరువుతో వెలుపలికి లాగును! చేలలో వడిసెల త్రిప్పినవారికి ఈ లాగుడు తెలియును.

అందుచేత రిలక్టెన్సు జనరేటరు చక్రమున రాగియు లేదు, అయస్కాంతమును లేదు. పలుచని యుక్కురేకులను పండ్లు వచ్చునట్లు కోసి, పేర్చి బిగింతురు, అంతే. చుట్టలన్నియు కదలని బయటి వలయమునకే.

మరి విద్యుత్తెట్లు పుట్టును? అయస్కాంతశక్తికి ఇనుము రాచబాట, గాలి ముళ్ళబాట. బాటలోని యీ యడ్డంకికే రిలక్టెన్సని పేరు. చుట్టలో విద్యుత్తు పారినప్పుడు చక్రపు పన్ను దాని కెదురుగా వచ్చి నిలువజూచును. ఈ యాకర్షణతో చక్రమును త్రిప్పినచో అది మోటారు. 1842 లో స్కాట్లండున రాబర్టు డేవిడ్సను రైలుబండిని నడపినది ఇట్టి యాకర్షణతోనే. ఎదురుగా వచ్చిన పంటిని టర్బైను బలిమితో ఎడమునకు లాగినచో, ఆ శ్రమయే విద్యుత్తయి చుట్టలోనికి వచ్చును. అప్పుడది జనరేటరు.

ఇందు చిక్కులు లేకపోలేదు. తోడు లేనిదే పాలు పెరుగు కానట్లు, మొదట బాటరీనుండి కొంత విద్యుత్తు చుట్టలకు అందవలయును. పిదప తన రాబడినుండియే యంత్రము ఆ పెట్టుబడిని తీసికొనును. ఒంటరి గ్రామమున తోడు అరువిచ్చు పొరుగిల్లు లేదు గదా! బాటరీ నీరసించినచో చక్రమెంత తిరిగినను దీపము వెలుగదు. ఆ బాటరీని పదిలముగా చూచుకొనవలసినది ఊరివారే.

అంతకంటె సూక్ష్మమైనది తాళము. నాలుగు పండ్ల చక్రమైనచో పైన చెప్పిన వేగమున ప్రతిచుట్టకును సెకనుకు 2,000 సారులు విద్యుత్తు నిచ్చి తీయవలయును. పన్ను దగ్గరకు వచ్చుచుండగా ఇచ్చినచో జనరేటరు మోటారై, మన విద్యుత్తునే మ్రింగును. కావున పంటి జాడ కనిపెట్టు సాధనమును, ఎలక్ట్రానిక్ మీటలును తప్పవు. పండ్లు గాలిని చిలుకుటచే చప్పుడును అధికమే. బడి విడిచిన వేళ నాకు అలవాటైనదానికి తీసిపోదు.

ఒక చుట్ట చెడినప్పుడు ఈ యంత్రపు మేలు తెలియును. చక్రమున శాశ్వతాయస్కాంతము లేదు కనుక, ఆ చుట్టకు విద్యుత్తు నాపినంతనే అందలి శక్తి యణగును; కాలిపోవుట అంతటితో నిలుచును. తక్కిన చుట్టలు, కొంత తక్కువగానైనను, దీపములను వెలిగించుచునే యుండును.