పర్యాలోచనాత్మక ఇ-పోర్ట్‌ఫోలియో రూపకల్పన

బి.ఇడి. కోర్సులో చేరినప్పటి నుంచి మీ దగ్గర చాలా కాగితాలు పోగై ఉంటాయి. పాఠ్య పథకాలు, అసైన్‌మెంట్లు, పరిశీలన రికార్డులు, బోధనోపకరణాల ఫొటోలు, కౌన్సెలింగ్ తరగతుల్లో రాసుకున్న నోట్సు. వీటన్నిటినీ ఫోన్‌తో స్కాన్ చేసి, ఒక ఫోల్డరులో పెట్టి, దానికి ఇ-పోర్ట్‌ఫోలియో అని పేరు పెట్టి సమర్పించేవారు ఎక్కువమందే ఉంటారు. కాగితాలు పోకుండా ఉండటానికి ఆ ఫోల్డరు పనికొస్తుంది. దాన్ని చూసినవారికి మీరు ఏయే పనులు చేశారో తెలుస్తుంది. ఆ పనుల వల్ల మీ బోధనలో ఏం మారిందో మాత్రం తెలియదు. ఆ మార్పును చూపించడమే పర్యాలోచనాత్మక ఇ-పోర్ట్‌ఫోలియో ఉద్దేశం.

పర్యాలోచన అంటే ఏమిటి?

చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకుని, అది ఎందుకు అలా జరిగిందో ఆలోచించి, తర్వాతి పనిని దిద్దుకోవడం పర్యాలోచన. జాన్ డ్యూయీ 1910లో వెలువరించిన 'హౌ వుయ్ థింక్' గ్రంథంలో, ఏదో ఒక చిక్కు లేదా సందేహం ఎదురైనప్పుడే నిజమైన ఆలోచన మొదలవుతుందని వివరించాడు. డొనాల్డ్ షాన్ 1983లో 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' గ్రంథంలో పని చేస్తుండగా ఆలోచించడాన్నీ, పని ముగిశాక ఆలోచించడాన్నీ వేరుచేసి చూపాడు. తరగతిలో పిల్లల ముఖాలు చూసి ఉదాహరణ మార్చడం మొదటి రకం. ఆ సాయంత్రం నోట్‌బుక్కులు దిద్దుతూ 'ఇలా ఎందుకు రాశారు?' అని ఆగిపోవడం రెండో రకం. పోర్ట్‌ఫోలియోలో ముఖ్యంగా రాసేది ఈ రెండోదే.

డ్యూయీ చెప్పిన మాటను బట్టి ఒక విషయం గ్రహించవచ్చు. ఏ చిక్కూ లేకుండా సాఫీగా సాగిన పాఠం గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. తడబడిన పాఠమే మీకు ఎక్కువ సామగ్రిని ఇస్తుంది.

ఒకే పాఠం, రెండు రాతలు

ఒక ఛాత్రోపాధ్యాయురాలు ఆరో తరగతికి విజాతి భిన్నాల సంకలనం బోధించిందనుకుందాం. ఆమె మొదట ఇలా రాసింది:

"ఈ రోజు భిన్నాల సంకలనం బోధించాను. చార్టు ఉపయోగించాను. విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు. పాఠం విజయవంతమైంది. కాలనిర్వహణలో ఇంకొంత మెరుగుపడాలి."

'భిన్నాల సంకలనం' అన్న మాటలు తీసేసి 'కిరణజన్య సంయోగక్రియ' అని పెట్టి చూడండి. మిగతాదంతా అలాగే సరిపోతుంది. ఏ పాఠానికైనా అతికే రాత ఏ పాఠం గురించీ చెప్పదు. అదే పాఠం గురించి ఆమె రెండోసారి రాసింది చూడండి:

"1/2 + 1/3 ఎంత అని అడిగితే చాలామంది 2/5 అన్నారు. నేను వెంటనే తప్పని చెప్పి, క.సా.గు. పద్ధతి బోర్డు మీద చూపించాను. తర్వాత ఇచ్చిన లెక్కల్లో దాదాపు అందరికీ సరైన జవాబులే వచ్చాయి. పాఠం బాగా జరిగిందనుకున్నాను. సాయంత్రం నోట్‌బుక్కులు దిద్దుతుంటే, ఒక అమ్మాయి 1/2 + 1/4 కి 3/4 అని రాసి, పక్కన సన్నగా 2/6 అని కూడా రాసుకున్నట్లు కనిపించింది. నేను చెప్పాను కాబట్టి మొదటిది రాసింది. తను నమ్మింది రెండోదాన్నే కావచ్చు. 2/6 అంటే 1/3. అది 1/2 కన్నా తక్కువ. ఉన్నదానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని నేను ఒక్కసారైనా అడగలేదు. పిల్లల జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా కొట్టేశాను. రేపు కాగితపు పట్టీని ఆరు సమభాగాలుగా మడిచి, సగమంటే మూడు భాగాలు, మూడోవంతు అంటే రెండు భాగాలు అని వాళ్ల చేతనే రంగు వేయిస్తాను. 2/5 ఎందుకు కుదరదో వాళ్లే చెప్పాలి."

ఇందులో గొప్ప భాష ఏమీ లేదు. కాని ఒక తప్పు జవాబు, దానికి ఉపాధ్యాయురాలి స్పందన, ఆ స్పందనలోని లోపం, మర్నాటి మార్పు ఉన్నాయి. దీని పక్కన ఆ నోట్‌బుక్కు పేజీ ఫొటో, మొదటి పాఠ్య పథకం, మార్చిన పథకం ఉంచితే చదివేవారు ఆమె మాటను సరిచూసుకోగలరు. మొదటి పథకాన్ని చెరిపి దాని స్థానంలో కొత్తది పెట్టకండి. రెండూ తేదీలతో ఉండాలి. పట్టీల పాఠం అయ్యాక ఏం జరిగిందో మరో రాత రాసి, మొదటి రాత నుంచి దానికి లింకు ఇవ్వండి. కాగితపు రికార్డు కంటే ఇ-పోర్ట్‌ఫోలియో మెరుగని చెప్పగలిగేది ఇక్కడే.

లోపం ఒప్పుకుంటే మార్కులు తగ్గుతాయేమోనన్న భయం సహజం. మీలో ఇప్పటికే బడిలో పనిచేస్తున్నవారికి ఆ బెరుకు ఇంకా ఎక్కువ. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇలా రాయడమా అనిపిస్తుంది. మీ కోర్సు మూల్యాంకన సూచికలను ముందే చదవండి. పర్యాలోచనకు మార్కులు కేటాయించి ఉంటే, 'పాఠం విజయవంతమైంది' అన్న వాక్యానికి మార్కులు వేయడానికి మూల్యాంకనకర్తకు ఆధారం దొరకదు. అలాగని మనసులో ఉన్నదంతా పోర్ట్‌ఫోలియోలో పెట్టనక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుడితో వచ్చిన మాటపట్టింపు మీ సొంత డైరీలో ఉండవచ్చు. పోర్ట్‌ఫోలియోకు కావలసింది మీ బోధనకు సంబంధించినదే.

గిబ్స్ చక్రం గురించి ఒక మాట

గ్రాహం గిబ్స్ 1988లో ప్రతిపాదించిన చక్రంలో ఆరు దశలున్నాయి: వర్ణన, అనుభూతులు, మంచిచెడ్డల అంచనా, విశ్లేషణ, నిర్ధారణ, కార్యాచరణ ప్రణాళిక. మొదట్లో ఇది ఊతంగా పనికొస్తుంది. అయితే ఆరు శీర్షికలు పెట్టి దరఖాస్తు ఫారం నింపినట్లు నింపితే రాత మళ్లీ ప్రాణం లేనిదవుతుంది. సాధారణంగా వర్ణనకే పేజీ అంతా అయిపోయి, విశ్లేషణకు రెండు వాక్యాలు మిగులుతాయి. ఆ కొలతను తిరగేయండి.

ఎంపిక, సాధనాలు

అన్నీ పెట్టకండి. ఐదారు అంశాలు చాలు; ఒక్కొక్కటి ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. సాధనం విషయంలో ఎక్కువ తర్జనభర్జన అవసరం లేదు. గూగుల్ సైట్స్ ఉచితం. విశ్వవిద్యాలయాలు వాడే మహారా అనే సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లో పుట్టింది. మావోరీ భాషలో ఆ మాటకు ఆలోచించడమనే అర్థం ఉంది. మీ కేంద్రం ఏది సూచిస్తే అది వాడండి.

తెలుగులో టైపు చేసేవారు యూనికోడ్‌లోనే చేయాలి. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేయించిన ఫైలును నేరుగా ఎక్కిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో మీరే టైపు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

సమర్పించే ముందు లింకును మీ ఖాతాతో లాగిన్ కాని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. అనుమతి ఇవ్వని ఫైలు మీకు తెరుచుకుంటుంది, మూల్యాంకనకర్తకు తెరుచుకోదు. మొత్తాన్ని పీడీఎఫ్‌గా కూడా ఒక ప్రతి దాచుకోండి. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతా కోర్సు తర్వాత ఉండకపోవచ్చు.

పిల్లల వివరాలు

నోట్‌బుక్కు ఫొటోలో విద్యార్థి పేరు, రోల్ నంబరు, బడి పేరు కనిపించకుండా చూడండి. ముఖాలు కనిపించే ఫొటోలు, వీడియోలు పెట్టాలంటే ప్రధానోపాధ్యాయుడి అనుమతితో పాటు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. పిల్లల చేతిరాత చాలు, ముఖం అక్కర్లేదు.

కృత్యం

మీరు ఇటీవల బోధించిన పాఠాల్లో విద్యార్థులు తప్పు జవాబు చెప్పిన ఒక సందర్భాన్ని గుర్తుచేసుకోండి. ఆ జవాబును వారి మాటల్లోనే రాయండి. అప్పుడు మీరు ఏమన్నారో రాయండి. వారు అలా ఎందుకు అనుకుని ఉంటారో కనీసం రెండు కారణాలు ఊహించి రాయండి. ఆ కాగితాన్ని తర్వాతి కౌన్సెలింగ్ తరగతికి తెచ్చి, పక్కనున్న సహాధ్యాయికి ఇచ్చి, మూడో కారణం ఏదైనా తోస్తుందేమో అడగండి.