నీటి లెక్క, ఊరి మాట: కడప జిల్లాలో రైతు సంఘాల సామాజిక పాత్ర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఇరుగుపొరుగునే ఉన్నా వాటి సేద్యం ఒకే తీరున సాగదు. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ కింద వరి పండుతుంది. జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ, పత్తి ప్రధానం. పులివెందులలో బోర్ల కింద చీనీ, అరటి తోటలు విస్తరించాయి. అందువల్ల రైతు సంఘం చేయవలసిన పని కూడా చోటును బట్టి మారుతుంది.

కాడెద్దులను, మనుషులను బదులుగా ఇచ్చిపుచ్చుకొనే అలవాటు మన పల్లెల్లో సంఘమన్న పేరు రాకముందునుంచీ ఉన్నదే. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టంతో పరస్పర సహాయానికి చట్టబద్ధమైన రూపం వచ్చింది. ఎంత వాటాధనం కట్టినా సభ్యునికి ఒకే ఓటు అన్న సహకార నియమం, భూమిని బట్టి పెద్దరికం నడిచే ఊళ్లలో చిన్న విషయం కాదు. అయితే అప్పులకు, ఎరువులకు మాత్రమే పరిమితమైన సంఘం ఊరిని ఒక్కచోట కూర్చోబెట్టలేదు. ఆ పని నీటివల్లనే సాధ్యమవుతుంది.

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కె.సి. కాలువను 1863-70 మధ్య ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. అటుపై శతాబ్దానికి మించి కాలువ పాలన అధికారుల చేతిలోనే ఉండిపోయింది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. పూడికతీత, వంతులవారీ పంపిణీ వంటి పనుల్లో ఎగువ, చివరి ఆయకట్టు రైతులు ముఖాముఖి మాట్లాడుకొనే వేదిక దీనితో ఏర్పడింది.

బోర్ల ప్రాంతంలో సమస్య మరింత జటిలం. నేలలోని నీరు కంటికి కనబడదు. ఒకరు లోతుగా తవ్వితే పొరుగువారి బోరు ఎండవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు జిల్లాల్లో సాగిన రైతు యాజమాన్య భూగర్భజల పథకంలో కడప జిల్లా కూడా ఉంది. రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేశారు. రబీకి ముందు అందరూ కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని లెక్కకట్టారు. పంటలపై నిర్బంధమేమీ లేదు. లెక్క అందరి ఎదుటా ఉండడమే దాని బలం. తోట పెట్టుబడి ఏళ్ల తరబడి తిరిగిరాని పులివెందుల వంటి చోట ఇటువంటి లెక్క అత్యవసరం.

ఈ సంఘాలకు వెలుపల మిగిలేది కౌలుదారులు. నీటి సంఘంలో రికార్డులకెక్కిన వారికే ఓటు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందానికి భూయజమాని అంగీకారం తప్పనిసరి. నోటిమాట కౌలు చేసేవారు రెండింటికీ దూరమే. రబీ ముందు నీటి లెక్క వేసేనాడు వారిని సమావేశానికి పిలవడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కరలేదు.