చెయ్యెత్తిన తరువాత

యువజన కూటాల్లో చివరిరోజు రాత్రి, ప్రభువుకు జీవితం అర్పించేవారు చేతులెత్తవలసిందని ప్రసంగీకులు అడగడం కద్దు. చేతులు బోలెడన్ని లేస్తాయి. ఆ చేతుల్లో కపటం ఉందని నేననను. అయితే చెయ్యెత్తడానికి క్షణం చాలు. దింపిన తరువాత ముప్పై, నలభై ఏళ్లు బతకాలి. శిష్యరికమంతా ఆ ఏళ్లలోనే ఉంది.

ఇందుకు నాకు తోచే ఉదాహరణ డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో, ఒక పల్లె గురువుగారింట పుట్టిన తమిళులు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శి అయ్యారు. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అనే బట్టలకొట్టు ఉద్యోగి, తోటి యువకులతో కలిసి పెట్టిన సంఘం అది. దక్షిణాదిన ఊరూరా తిరిగి, పడుచువాళ్లను కూడగట్టి, సేవకు పురికొల్పడమే అజరయ్యగారి ఉద్యోగం.

1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో తమ మనుషులనే సువార్తకు పంపుతున్నారు. మనమెందుకు చేయరాదనిపించింది ఆయనకు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసింది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, పెత్తనం మనదే అన్నది దాని సూత్రం. సొసైటీ ఎంచుకొన్న చోటు అప్పటి నైజాం రాజ్యంలోని డోర్నకల్. నేడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఇంతవరకూ చాలామంది చేయగలరు. సంఘం పెట్టవచ్చు, చందాలు దండవచ్చు, కుర్రవాళ్లకు దండలువేసి సాగనంపవచ్చు. కాని పదిమందిని వెళ్లమన్నవాడికి ‘మరి నువ్వో?’ అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు. అజరయ్యగారు జవాబు నోటితో చెప్పలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, పేరున్న ఉద్యోగం వదిలి, గురుపట్టం పుచ్చుకొని, తామే డోర్నకల్ చేరారు.

అక్కడ ఆయన తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక నన్ను ఆకట్టుకొన్నది ఈ సంగతే. 1910లో ఎడింబరో మహాసభలో, దానధర్మాలతో పాటు మాకు స్నేహం కూడా ఇవ్వండని తెల్లదొరలను ఇంగ్లీషులో నిలదీసిన వక్త ఆయన. అంతటివాడు పల్లెలో కూలివాడితో మాట్లాడబోయి మాటకోసం తడుముకోవడమంటే సామాన్యమా? వేదికమీది త్యాగానికి చప్పట్లుంటాయి. వ్యాకరణం వల్లెవేసేవాడికి చప్పట్లెవరు కొడతారు?

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనే. పదవి వచ్చింది కదా అని పట్నవాసానికి మళ్లలేదు. సామూహిక మతాంతరాలను గాంధీగారు తప్పుపట్టినా తమ మార్గం మార్చుకోలేదు. మన దేశపు శిల్పరీతులు మేళవించి డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఆలయం 1939లో ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

ఆయన సంఘంలో చేరినవారిలో అధికులు మాల మాదిగ పేటల కష్టజీవులు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఎవరి చెయ్యి వారి తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు కీడన్న పౌలు భావాన్ని పలికించేవారట. మన పల్లెల్లో నెత్తిన చెయ్యి పెడితే అది ఒట్టు! చదువురాని కూలివాడు కూడా ఆనాటినుంచి బోధకుడే. ఒకరు చెబితే తక్కినవారు వినడం కాదు, బరువు అందరి నెత్తినా ఉండాలన్నది ఆయన పద్ధతి.

యువజన నాయకులకు నా మనవి ఒక్కటే. సభలో లేచిన చేతులు లెక్కపెట్టి నివేదిక రాయకండి. మూడేళ్లు ఆగండి. ఆ కుర్రవాడు ఏ పేటకు వెళ్లివస్తున్నాడో, ఎవరి కష్టం తన భాషగా నేర్చుకొన్నాడో విచారించండి. అంతకుముందు, మీరేం నేర్చుకొన్నారో అతనికి చెప్పండి.