ధ్రువాల చీకటిలో ఓజోన్‌కు పొంచి ఉన్న ముప్పు

సూర్యుడి నుంచి, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు భూ అయస్కాంత క్షేత్రం పట్టున ఎక్కువగా ధ్రువ ప్రాంతాల గాలిలోకే దిగుతాయి. అరోరా వెలుగులు పుట్టించే ఎలక్ట్రాన్లు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులోనే ఆగిపోతాయి. 100 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాన్లు మాత్రం 35 కిలోమీటర్ల దాకా చొచ్చుకొస్తాయి.

దారిలో ఇవి నత్రజని అణువులను చీలుస్తాయి. విడిపడ్డ నత్రజని పరమాణువు ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. నీటి ఆవిరి నుంచి హైడ్రాక్సిల్ కూడా పుడుతుంది. దాని ప్రభావం 60-80 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ మీద వెంటనే కనిపిస్తుంది, అంతే త్వరగా పోతుంది.

నైట్రిక్ ఆక్సైడ్ తీరు వేరు. ఎండ తగిలితే అంత ఎత్తులో అది ఎక్కువ కాలం నిలవదు. ధ్రువాల చలికాలంలో నెలల తరబడి సూర్యుడే ఉదయించడు కనుక దానికి చేటు లేదు. పైగా ధ్రువం చుట్టూ తిరిగే బలమైన గాలుల సుడి లోపలి గాలిని బయటికి పోనివ్వదు. ఆ గాలి చలికాలమంతా మెల్లగా కిందికి దిగుతూ నైట్రిక్ ఆక్సైడ్‌ను ఓజోన్ ఉన్న స్ట్రాటో ఆవరణానికి చేరుస్తుంది. దక్షిణాన ఇది ఏటా జరిగేదే. ఉత్తరాన సుడి నిలకడ లేనిది, ఏడాదికో తీరు.

నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అది ఒంటరి ఆక్సిజన్ పరమాణువుతో చర్య జరిపి మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అలా ఒక్క అణువే ఎన్నో ఓజోన్ అణువులను హరిస్తుంది. ఆ ఒంటరి పరమాణువులను పుట్టించేది సూర్యకాంతి. అంటే చీకటి కాపాడిన వాయువు వెలుగు వచ్చాకే విజృంభిస్తుంది.

సౌర ప్రోటాన్లు స్ట్రాటో ఆవరణంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిస్తాయని వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రట్జెన్ తన సహచరులతో కలిసి 1975లోనే చెప్పారు. 1972 ఆగస్టు సౌర తుఫాను తర్వాత ఓజోన్ తగ్గిన సంగతి నింబస్-4 ఉపగ్రహ కొలతల్లో తేలింది. 2003 అక్టోబరు చివరి తుఫానులను ఎన్విశాట్ ఉపగ్రహం మీది మిపాస్ పరికరం గమనించింది. వాయువులు వెలువరించే పరారుణ కిరణాలనే చదువుతుంది కనుక దానికి ధ్రువ రాత్రి అడ్డు కాలేదు. 2004 వసంతంలో ఉత్తరాన సుడి అసాధారణంగా బలపడింది. దాంతో ఉత్తర ధ్రువ ప్రాంతంలో 40 కిలోమీటర్ల ఎత్తున నైట్రోజన్ ఆక్సైడ్లు నాలుగు రెట్ల దాకా పెరిగి, ఓజోన్ 60 శాతం దాకా పడిపోయింది.

అంటార్కిటికా ఓజోన్ రంధ్రాన్ని దీనితో ముడిపెట్టకూడదు. అది ఇంకా కింద, ముఖ్యంగా 15-20 కిలోమీటర్ల మధ్య, మనుషులు వదిలిన క్లోరిన్ వాయువుల వల్ల ఏర్పడేది. 40 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఓజోన్ మొత్తంలో చిన్న భాగమే. అయినా అక్కడ ఓజోన్ తగ్గితే గాలి ఎండకు వేడెక్కడం తగ్గుతుంది, గాలుల నడక మారుతుంది. అందుకే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదికకు వాడిన వాతావరణ నమూనాల సౌర సమాచారంలో సూర్యకాంతితో పాటు ఈ కణాల లెక్కనూ చేర్చారు.