ఒక బడిపంతులు, ఒక బండి



చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడను గనుక, నేడు నావంటి మరియొక బడిపంతులు కథను మీకు వినిపింపదలచితిని. ఆయన అమెరికాదేశమున న్యూయార్కు చెంతనున్న లాంగు ఐలండున నివసించిన ఇర్విన్ గోర్డన్. శాస్త్రపాఠములు బోధించుట ఆయన వృత్తి. బండి నడుపుట ఆయన వ్యసనము.

1966 జూను మాసమున ఆయన ఎర్రని వోల్వో 1800 ఎస్ బండినొకదానిని కొనెను. ముందు ఇద్దరికి చక్కని చోటును, వెనుకకు వాలిన కప్పును, రెండే తలుపులును గల యిట్టి వేగశకటమును కూపే యందురు. దాని యాకారమును తీర్చినవాడు స్వీడనుదేశీయుడగు పెల్లె పెటర్సన్. వెల 4,150 డాలర్లు. అనగా ఆనాటి యా పంతులుగారి జీతము ఇంచుమించు ఒక యేటిది. అంత సొమ్ము పోసి కొన్నదానిని పాడుచేసుకొనుటకు ఆయనకు మనసొప్పలేదు.

బడికి రానుపోను దినమునకు 125 మైళ్లు. సెలవులు వచ్చినచో దేశసంచారము. 1987 నాటికి ఆ బండి 10 లక్షల మైళ్లు నడిచెను. 2002లో 20 లక్షలు పూర్తియయ్యెను. 2013 సెప్టెంబరున అలాస్కాలో 30 లక్షలు నిండెను. ఇది సుమారు 48 లక్షల కిలోమీటర్లు. చంద్రమండలమునకు ఆరు మారులు పోయి వచ్చినను ఇంకను దూరము మిగులును!

ఇది యెట్లు సాధ్యమయ్యెను? యంత్రములో ఉక్కుభాగములు ఒకదానినొకటి ఒరసికొనుచు తిరుగునని మనమనుకొందుము. నిజమునకు వాని నడుమ వెండ్రుకకంటెను పలుచనైన చమురుపొర యుండును. అది చెక్కుచెదరనంతకాలము లోహమునకు లోహము తగులదు. కాని మసియు, లోహపునలుసులును, తేమయు చేరి చమురు నానాటికి చెడును. చెడిన చమురు రక్షించుటకు మారుగా భక్షించును. అందుచేత గోర్డన్ సుమారు 3,000 మైళ్లకొకమారు తప్పక చమురు మార్చెడివాడు. 6 లక్షల మైళ్లు దాటిన పిదపగాని యంత్రమును విప్పి బాగుచేయింపలేదు. దూరప్రయాణములును మేలే చేసినవి. చల్లని యంత్రమును నడిపి వెంటనే ఆపినచో తేమ లోపలనే నిలుచును. ఎడతెగక నడిపినచో వేడికి ఆవిరియై పోవును.

నా సంగతియు చెప్పెదను. నా మొదటి సైకిలునకు చమురు వేయక మూడేండ్లలో తుప్పుపట్టించితిని. తప్పు సైకిలుదే యని చాలకాలము తిట్టుకొంటిని. రెండవదానిని ఆదివారము ఆదివారము తుడిచి చమురు వేసితిని. అది నన్ను ఇరువదియేండ్లు బడికి మోసెను.

గోర్డన్ 2018 నవంబరున కాలధర్మము నొందెను. అప్పటికి ఆ బండి 32 లక్షల మైళ్లు దాటియుండెను. కడదాక ఆయన దానిని విడువలేదు. కొనుటకు ఒక యేటి జీతము చాలినది. నిలుపుకొనుటకు ఏబదిరెండేండ్ల శ్రద్ధ కావలసివచ్చినది. రేపు ఉదయము మీ యింటి బండినో, కుట్టుయంత్రమునో ఒకపరి చూడుడు. చమురు వేసి యెన్నినాళ్లయినదో జ్ఞప్తికి రానిచో, ఆ పని రేపే చేయుడు.