దోమల జాడ తెలుపు చేతి ఫోను

పుదుచ్చేరి పట్టణమున ఇందిరాగాంధీ చౌకమునకు సమీపమున నున్న నటేశన్ నగర్ పల్లపు ప్రాంతము. పెద్దవాన కురిసినచో అచ్చటి వీధులలో నీరు నిలుచును. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి చెంత తీరము దాటినప్పుడు ఒక్క దినములో 46 సెంటీమీటర్లకు మించి వర్షము పడినది. వరద తీసిన పిమ్మట ప్రజలు కుదుటపడుదురు. దోమల కాలము అప్పుడే ఆరంభమగును.

డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ మురుగులో కాక, ఇంటి చుట్టును నిలిచిన తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. పగటివేళ కుట్టును. పుట్టిన చోటినుండి సాధారణముగా 400 మీటర్లకు మించి పోదు. కావున ఊరు కదలని మనిషికి డెంగీ వచ్చినచో, ఆ దోమ జన్మస్థానము చాలవరకు ఇరుగుపొరుగుననే యుండును. ఉష్ణకాలమున గ్రుడ్డు దోమగా మారుటకు వారము, పదిదినములు చాలును. పక్షము దినములకు తీరిన ఫిర్యాదు వలన ప్రయోజనమేమి?

“మా పేటలో దోమలు మెండుగా నున్నవి” అను విన్నపము సత్యమే. కాని దానిని పట్టుకొని పారిశుద్ధ్య సిబ్బంది ఎచ్చటికి పోవలెను? 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు డాక్టరు జాన్ స్నో మరణములను ఇంటింటి వారీగా పటముపై గుర్తించగా, అవి బ్రాడ్ స్ట్రీటులోని ఒక చేతిపంపు చుట్టును గుమిగూడి కానవచ్చినవి. నాడు ఎంతో శ్రమపడి కూర్చిన అట్టి వివరమును నేడు చేతి ఫోను క్షణములో అందించును.

1975లో పుదుచ్చేరిలో స్థాపింపబడిన రోగవాహక కీటక నియంత్రణ పరిశోధనా కేంద్రము, 1981 మొదలు బోదకాలు నివారణకై ఈ పట్టణముననే దోమల ఉత్పత్తి స్థానములను అరికట్టు కార్యక్రమము నడిపినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో ఆరు నగరములందు 66 చోట్ల దోమల జాతిని, సాంద్రతను గుర్తించు యంత్రములను ప్రయోగాత్మకముగా నెలకొల్పుటకు పూనుకొన్నది. యంత్రము దోమ ఉన్నదని చెప్పును. డాబా మీది మూతలేని తొట్టిని చూపవలసినది ఆ వీధివారే.

ఫొటో తీయునప్పుడు ఫోనులో ‘లొకేషన్’ తెరచి యుంచవలెను. ఇచ్చట పలువురు పొరపడుదురు: మామూలు ఫొటోగా వాట్సాప్‌లో పంపినచో, దానిలో నిక్షిప్తమైన స్థల వివరము తొలగిపోవును. కావున స్థలమును వేరుగా పంపి, తేదీని, వీధి పేరును వ్రాయవలెను. నీరు తేటదా, మురుగుదా అన్నది కూడ తెలుపవలెను. ఏలయన మురుగుకాలువకు మందు చల్లుట పురపాలక సిబ్బంది పని, పాత టైరును, కొబ్బరిచిప్పను, రిఫ్రిజిరేటరు వెనుక పళ్లెమును ఖాళీ చేయుట ఇంటివారి పని. ఏడిస్ గ్రుడ్లు ఎండినను నెలల తరబడి బ్రదుకును గనుక, పాత్రను బోర్లించుటతో సరిపెట్టక లోపలి అంచులను పీచుతో తోమవలెను.

జ్వరపీడితుల పేర్లను, పరీక్షా ఫలితములను పేట వాట్సాప్ గుంపులో ప్రకటింపరాదు. వానిని ఆరోగ్య కార్యకర్తకు మాత్రమే తెలుపవలెను. నీరు తొలగించిన పిమ్మట అదే చోట మరియొక ఫొటో తీసి, తేదీతో మొదటి దానికి జతపరుపవలెను. అది అందువరకు ఆ ఫిర్యాదును తీరినదిగా లెక్కింపరాదు.